లోని వేడిమి నెఱుగవలదా?

పాలమూరు పట్టణమునకు చేరువనున్న దివిటిపల్లిలో 2023 మే 6వ తేదీన ఒక గొప్ప కర్మాగారమునకు శంకుస్థాపన జరిగిన సంగతి పాఠకు లెఱిగినదే. తిరుపతి ప్రాంతమున పుట్టి పెరిగిన అమరరాజా సంస్థవారు పదియేండ్ల కాలములో 9,500 కోట్ల రూపాయలు వెచ్చించి, ఏటేట 16 గిగావాట్-గంటల లిథియం ఘటములను, 5 గిగావాట్-గంటల బ్యాటరీ కూర్పులను తయారుచేయగల పరిశ్రమను ఇచ్చట నెలకొల్పుటకు 2022 డిసెంబరు 2వ తేదీన రాష్ట్ర ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొనిరి. సెల్లు అని వాడుకలో పిలువబడు దానినే మేము ఘటమని వ్రాయుచున్నాము. పేరులోనే దివిటీని ధరించిన పల్లె విద్యుచ్ఛక్తిని మూటగట్టి దేశమున కందింపబూనినదని విని సంతసింపని తెలుగువాడుండడు. మేమును సంతసించితిమి. కాని సంతోషము కలిగిన చోటనే ప్రశ్నయు పుట్టుట సహజము. ఆ ప్రశ్నను నేడు పాఠకుల యెదుట నుంచుచున్నాము. ఘటములు మన నేలపై తయారగును, సరియే; వాని గర్భమున రగులు వేడిమిని కొలుచు విద్య ఎవరి చేతిలో నుండును?

ఈ ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును. వేడిమిని కొలుచుట యనగా జ్వరము వచ్చిన బిడ్డ చంక క్రింద గాజుకడ్డి నుంచుటయే కదా, దానికింత చర్చ యేల యని కొందఱనవచ్చును. అది చిన్న విషయము కాదని ఈ ప్రాంతపు గతచరిత్రయు, 2022వ సంవత్సరమున జరిగిన కొన్ని దుర్ఘటనలును, ఘటముల లోపలి ప్రకృతియు ఏకకంఠముగ చెప్పుచున్నవి. ఒక్కొక్కదానినే విచారింతము.

పాలమూరు కూలి యన్న పేరు వినని ప్రాంతము దేశమున అరుదు. వానలు ముఖము చాటుచేసిన యేట పల్లెలకు పల్లెలే మూటాముల్లె సర్దుకొని ముంబయికి, పుణెకు, దూరదూరపు ఆనకట్టల పనులకు తరలిపోయెడివి. కాలువలు త్రవ్వినవి ఆ చేతులే. కట్టలపైకి మట్టి మోసినవి ఆ తలలే. అయితే కట్ట యెత్తు నిర్ణయించిన కొలబద్ద వారి చేతిలో లేదు. కాలువలో పాఱు నీటి లెక్క వారి పుస్తకమున లేదు. పని వారిది, కొలత పరులది. ఎవరి చేతిలో కొలత యున్నదో వారిదే పెత్తనమను సత్యమును పాలమూరు తన వీపుమీద మోసి తెలిసికొన్నది. ధాన్యపు విపణిలోను ఇదే కథ: త్రాసు పట్టినవాడు దొర, బస్తా మోసినవాడు కూలి. క్రొత్త పరిశ్రమ వచ్చిన వేళ ఈ పాత కథ మరల నడువరాదనుటయే మా యాందోళన.

ఇక దుర్ఘటనల సంగతి. 2022 ఏప్రిల్ నెలలో నిజామాబాదునందును విజయవాడయందును, ఇండ్లలో ఛార్జింగునకు పెట్టిన విద్యుత్ స్కూటరు బ్యాటరీలు ఇంటిల్లిపాదియు నిద్రించు వేళ ప్రేలి, చోటున కొక్కరు చొప్పున మరణించిరి. అదే యేడు సెప్టెంబరు 12వ తేదీ రాత్రి సికింద్రాబాదులో, క్రింది భాగమున విద్యుత్ స్కూటర్ల దుకాణమును పై యంతస్తులలో వసతిగృహమును గల భవనమున మంటలు చెలరేగి 8 మంది ప్రాణములు గోల్పోయిరి. ఆ యేటి వేసవిలో దేశమున పలుచోట్ల జరిగిన ప్రమాదముల మీదట కేంద్ర రవాణా మంత్రిత్వశాఖవారు, హైదరాబాదు బాలాపూరునందలి ఏ.ఆర్.సి.ఐ. పరిశోధనసంస్థకు నాడు సంచాలకులుగ నుండిన టాటా నరసింగరావుగారి యధ్యక్షతన నిపుణుల సంఘమును నియమించిరి. ఆ సంఘము చేసిన సూచనలను బట్టి ఏ.ఐ.ఎస్. 156 అను నిబంధనావళి కఠినతరము చేయబడి, 2022 డిసెంబరు 1 నుండి కొంతయు, 2023 మార్చి 31 నుండి తక్కినదియు అమలునకు వచ్చినది. ఒక ఘటమున లోలోపల విద్యున్మార్గము తెగి కలిసి అగ్ని పుట్టినప్పుడు అది ప్రక్క ఘటములకు ప్రాకకుండ చూచుట ఆ నిబంధనలలో ముఖ్యమైనది. దేశమున కంతకు రక్షాసూత్రములు వ్రాయు పని తెలుగునాటనున్న శాస్త్రజ్ఞున కొప్పగింపబడుట మనకు గర్వకారణము. కాని సూత్రము వ్రాయుట వేఱు, ఆ సూత్రము పాటింపబడునో లేదో ఘటగర్భమున కేగి చూచుట వేఱు.

ఆ గర్భమున నేమున్నది? రాగిరేకుపై కర్బనపు పూత, అల్యూమినియం రేకుపై లోహసమ్మేళనపు పూత, రెంటి నడుమ పలుచని ప్లాస్టిక్ తెర, ఆ తెరను తడుపుచు మండు స్వభావము గల ద్రవము. వీనినన్నిటిని చాపచుట్టగ చుట్టియో, దొంతరగ పేర్చియో డబ్బాలో మూసి ముద్రవేయుదురు. విద్యుత్తును నింపునప్పుడును, తీసికొనునప్పుడును లోపల వేడిమి పుట్టును. ఒక పొర నుండి మఱియొక పొరకు దాటి వెలుపలికి వచ్చుటకు ఆ వేడిమికి తడవు పట్టును. కావున గట్టి ప్రవాహము నడచు వేళ పెద్ద ఘటముల నడిబొడ్డున నున్న వేడిమి పైతొడుగు వేడిమికన్న పది డిగ్రీలో, అంతకు మించియో హెచ్చుగ నుండవచ్చును. లోని వేడిమి సుమారు 80 మొదలు 120 డిగ్రీల నడుమకు చేరునప్పటికి కర్బనమును కాపాడు సన్నని పొర శిథిలమగుట మొదలిడి, తానే మఱికొంత వేడిమిని విడుచును. సుమారు 130 డిగ్రీలకు ప్లాస్టిక్ తెర కరగును. తెర కరగి రేకులు రెండును తాకిన పిమ్మట వేడిమి వేడిమిని కనును. ఇక నిప్పును నిలుపుట యెవరి తరమును గాదు. ఇంటిల్లిపాదియు లేచి చూచునప్పటికి అంతయు ముగిసియుండును.

అన్నము ఉడికినదో లేదో యెఱుగుటకు మన తల్లులు ఒక్క మెతుకును పట్టి చూతురు. వారికి మూత తీయుట కెట్టి యభ్యంతరమును లేదు. ఘటమునకు మూత తీయరాదు. తీసినచో గాలిలోని తేమ సోకి అది చెడిపోవును. కావున వెలుపల డబ్బా నంటి యొక వేడిమి గుఱుతును అమర్చి, దానిని బట్టి లోపలి సంగతి ఊహించుచుందురు. కుండ యంచు తాకి మెతుకు సంగతి చెప్పుట వంటిదే యిది. అంచు గోరువెచ్చగ నున్నను అడుగు మాడియుండవచ్చును. సామాన్యపు కొలతకడ్డిని లోపల దూర్తుమన్నచో అది తెరలను చీల్చును, చోటు నాక్రమించును, తానే కొంత వేడిమిని పీల్చుకొని తప్పు చెప్పును. ఒక్క నీటిచుక్క వేడిమిని జ్వరపుకడ్డితో కొలువబోయినచో ఆ చుక్కయే కడ్డి వేడిమికి లొంగిపోవును గదా! కొలువబడు వస్తువు చిన్నదైనకొలది కొలుచు వస్తువు మఱింత చిన్నది కావలయును.

ఈ చిక్కునకు శాస్త్రజ్ఞులు కనిపెట్టిన యుపాయమే లోహపు పలుచని పొరలతో చేసిన ఉష్ణమాపకము. దీని మూలసూత్రములు క్రొత్తవి గావు. భిన్నమైన రెండు లోహములను కొసల కలిపి, ఒక కొసను వేడిచేసి రెండవదానిని చల్లగ నుంచినచో విద్యుద్బలము పుట్టునని 1821లో సీబెక్ అను జర్మన్ పండితుని ప్రయోగముల వలన లోకమునకు తెలిసినది. రాగిని, కాన్‌స్టాంటన్ అను మిశ్రమలోహమును జతచేసినచో డిగ్రీకి సుమారు 40 మైక్రోవోల్టులు లభించును. వేడెక్కినకొలది లోహము విద్యుత్ప్రవాహమును హెచ్చుగ నిరోధించును. ప్లాటినమునం దీ మార్పు మిక్కిలి నిలుకడగ నుండునని సీమెన్స్ 1871లోను, కాలెండర్ 1887లోను నిరూపించిరి. మంచుగడ్డ కరగు వేడిమియొద్ద 100 ఓములు నిరోధించు ప్లాటినపు మాపకము నీరు మరుగు వేడిమియొద్ద 138.5 ఓములు నిరోధించును. ఈ లెక్కను తిరుగవేసినచో ఓములను జూచి డిగ్రీలను చెప్పవచ్చును. పూర్వము తీగతో చేసిన ఈ పనిని నేడు పొరతో చేయుచున్నారు. గాలిని తోడివేసిన పెట్టెలో లోహమును ఆవిరిగ మార్చియో, అయానులతో కొట్టి అణువులను ఎగురగొట్టియో, గాజుపైనను పలుచని ప్లాస్టిక్ పైనను మంచువలె పేరుకొనజేయుదురు. పిమ్మట వెలుతురు సాయమున నమూనా నచ్చొత్తి, అక్కఱలేని లోహమును తొలగించి, సన్నని గీతలను మిగుల్తురు.

ఇట్టి పొర మందము మైక్రానులో కొన్ని పదవ వంతులు మాత్రమే. తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. వెండిని తోలుపొరల నడుమ నుంచి సుత్తితో మోది మోది మైక్రానుకన్న పలుచనైన వరఖుగ సాగదీయు పనివాండ్ర నేర్పును చార్మినారు చుట్టుపట్ల వీథులెఱుగును. ఊపిరి తగిలిన నెగిరిపోవు ఆ రేకు మిఠాయి నలంకరించినది. దానికి చుట్టమైన యీ పొర ఘటమును కావలి కాయుచున్నది. ఇంత పలుచనిదగుటచే అది పీల్చుకొను వేడిమి గణనకు రాదు. ప్రక్కనున్న పదార్థము వేడెక్కిన క్షణముననే తానును వేడెక్కును. మామూలు కొలతపూస చెప్పుటకు సెకనులు పట్టు మార్పును ఈ పొర సెకనులో వేయవ వంతుకన్న తక్కువలో చెప్పగలదు. అమెరికా అంతరిక్షసంస్థయగు నాసావారు విమానయంత్రపు టర్బైను రెక్కలపై నిట్టి పొరలనే పఱచి రెక్కల వేడిమిని కొలిచిరి. కంప్యూటరు చిప్పులలో ఏ మూల కాగుచున్నదో తెలియుటకును, ఏకైక జీవకణపు వేడిమిని విచారించుటకును ఇవియే సాధనములు. లిథియం ఘటముల లోపల వీనిని చొప్పించి పరిశోధనశాలలలో లెక్కలు తీసిరి. అది కలకాదు, జరిగిన పని.

అయినచో దీనిని అంగడిలో కొని తెచ్చిన చాలదా యని బుద్ధిమంతులే అడుగుదురు. ఇచ్చటనే అసలు మర్మమున్నది. లోహము పలుచనైన కొలది దాని స్వభావము మాఱును. మందపు లోహములో స్వేచ్ఛగ పరుగిడు ఎలక్ట్రానులు పలుచని పొరలో పై యంచునకు, క్రింది యంచునకు, రేణువుల సరిహద్దులకు తగిలి చెదరును. అందువలన గ్రంథములలో వ్రాసియున్న అంకె పొరకు చెల్లదు. పొర జంట యిచ్చు వోల్టులును, ప్లాటినపు పొర నిరోధములోని మార్పును మందపు లోహముకన్న తక్కువగ నుండును. ఎంత తక్కువయో పొర మందమును బట్టియు, దానిని పేర్చిన పెట్టెను బట్టియు, పిమ్మట కాచిన తీరును బట్టియు నుండును. ఒకే లోహపు పొరను ఒక ప్రక్క వెడల్పుగను, ఒక ప్రక్క మిక్కిలి సన్నగను గీసినచో ఆ రెండు గీతల నడుమనే విద్యుద్బలము పుట్టునంతటి వింత ఈ సూక్ష్మలోకమున కలదు. కావున పొరను ఎవడు చేయునో వాడే దానిని సరితూచి అంకె నిర్ణయింపవలయును. పరాయివాని అంకెను నమ్మి చదివినచో, పడికట్టు రాయి పరీక్షింపని త్రాసులో బంగారము తూచినట్లగును.

మఱియొక చిక్కును గలదు. ఘటములోని ద్రవమునకు లేశమాత్రపు తేమ సోకినను అందు హైడ్రోఫ్లోరిక్ ఆమ్లము పుట్టును. అది లోహములను తినివేయును. కావున పొరపై మఱియొక రక్షణపు పూత వేయవలయును. ఆ పూత మందమైనచో వేడిమి ఆలస్యముగ చేరును; పలుచనైనచో ఆమ్లము లోనికి చొరును. పొర నుండి వార్తను వెలుపలికి తెచ్చు తీగ డబ్బా ముద్రను దాటవలయును. ఆ దారియే ద్రవము కారుటకు దారి కారాదు. గాజునకు ప్లాటినము సరిగ నంటదు. నడుమ టైటానియమో, క్రోమియమో సన్నగ పూయవలయును. ఇవన్నియు ఘటమును చేయువాడును, పొరను చేయువాడును ఒకే బల్లయొద్ద కూర్చుండి తేల్చుకొనవలసిన విషయములు. సముద్రముల కావల చేయబడిన వస్తువు ఇచ్చటి ఘటపు కొలతలకును, ఇచ్చటి రసాయనములకును, ఇచ్చటి వేసవికిని అమరునని హామీ యేమున్నది? వేసవిలో నల్లగొండ, పాలమూరు బండరాళ్లపై కాలిడలేని యెండను మనమెఱుగుదుము. ఆ యెండలో నిలిచిన స్కూటరునకు నింపకముందే సగము జ్వరము.

ప్రతి స్కూటరులోని ప్రతి ఘటమునందును ప్లాటినపు పొర నుంచుట సాధ్యమా, అట్లయినచో బీదవాడు దానిని కొనగలడా యని యింకొక యాక్షేపణ. ఇది న్యాయమైన ప్రశ్న. మేమట్లు కోరుటలేదు. వైద్యుడు ఊరిలోని ప్రతివాని రక్తమును దినదినము తీసి చూడడు. కొందఱిని పరీక్షించి రోగము నడత నెఱిగి, అందఱకును పథ్యము నిర్ణయించును. అట్లే నమూనా ఘటములు కొన్నింటి గర్భమున పొరల నుంచి, ఎంత వేగముగ నింపినచో ఎచ్చట నెంత వేడెక్కునో తెలిసికొన్నచో, సామాన్యపు ఘటమునకు వెలుపల గుఱుతు ఎచ్చట నమర్చవలయునో, అది ఏ అంకె చూపగానే ప్రవాహము నాపవలయునో నిశ్చయింపవచ్చును. లోపలి లెక్క తెలిసిన పిమ్మట వెలుపలి కాపలా చవుకయగును. లోపలి లెక్క తెలియనిచో వెలుపలి కాపలా కన్నులకు గంతలు కట్టిన కాపలాయే. పరీక్షశాలలో కూర్చున్న పది పొరలు లక్ష ఇండ్లను కాపాడగలవు.

కొలువని దానివలన కలుగు కీడెట్టిదో ఈ దేశమున నల్లగొండకన్న బాగుగ నెఱిగిన ప్రాంతమేది? బావినీరు తేటగ నుండెను, రుచిలో లోపము లేదు, వాసన లేదు. తాతలు త్రాగిరి, తండ్రులు త్రాగిరి, బిడ్డలు త్రాగిరి. నీటిలోని ఫ్లోరైడు కంటికి కనబడదు, నాలుకకు తగులదు. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదను హద్దును లోకము నిర్ణయించుకొన్నది కాని, ఆ హద్దు దాటినదని చెప్పు కొలత పల్లెబావి చెంత లేదు. పండ్లు గారపట్టెను, ఎముకలు వంగెను, నడుములు నిలువలేకపోయెను. బిడ్డలు నడువవలసిన యీడున ప్రాకిరి. ఆ పాపమునకు నీరు కారణము, నిజమే. కాని నీటి లోపలి సంగతిని చెప్పు కొలత సకాలమున ఆ పల్లెకు చేరకపోవుటయు కారణమే. పటికతోను సున్నముతోను ఫ్లోరైడును తొలగించు పద్ధతిని నాగపూరునందలి జాతీయ పరిశోధనసంస్థవారు కనిపెట్టి దానికి నల్లగొండ పద్ధతి యని పేరిడిరి. లోకమున నేడు శాస్త్రగ్రంథములలో నల్లగొండ పేరు ఆ రీతిగ నిలిచినది. కీర్తియే, కాని ఎంతటి మూల్యమున కొన్న కీర్తి! నీటికి జరిగిన దానిని నిప్పునకు జరుగనీయరాదు. అటు కంటికి కనబడని విషము. ఇటు కంటికి కనబడని వేడిమి.

మన కీ విద్య క్రొత్తదియు గాదు, మించినదియు గాదు. పొరలు పేర్చుటకు ముఖ్యముగ కావలసినది గాలిలేని పెట్టె, అనగా ఉన్నత శూన్యము. ఆ శాస్త్రమున లోకమునకు గ్రంథము వ్రాసినవారిలో తెలుగువారు కలరు. గోదావరి సీమలో పుట్టి, సన్యసించి, ఐరోపా అమెరికాలలో పరమాణు భౌతికమును పరిశోధించి, తరువాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఆ శాఖను నెలకొల్పిన స్వామి జ్ఞానానందులవారు 1947లో హై వాక్యువా అను గ్రంథమును ప్రకటించిరి. శూన్యమును సృజించుటయు, దానిని కొలుచుటయు ఆ గ్రంథ విషయము. కాషాయము ధరించిన తెలుగు సన్యాసి శూన్యమును పంపులతో సాధించి లెక్కగట్టిన దేశమున, ఆ పెట్టె మనకు చేతగాదనుట సిగ్గుచేటు.

కొలతకు ప్రమాణము కావలయునన్నచో అదియు మనకున్నది. ఢిల్లీయందలి జాతీయ భౌతిక ప్రయోగశాలకు స్వాతంత్ర్యము సిద్ధింపకమునుపే, 1947 జనవరి 4న జవహర్లాల్ నెహ్రూగారు పునాదిరాయి వేసిరి. 1950లో అది తెఱవబడినది. దేశపు ఉష్ణప్రమాణములు అచ్చట రక్షింపబడుచున్నవి. మంచు, నీరు, ఆవిరి మూడును కలిసియుండు స్థితి 0.01 డిగ్రీ, గాలియమను లోహము కరగు వేడిమి 29.7646 డిగ్రీలు. ఇట్టి చలింపని మెట్లను ఆధారముగ గొని మెట్టుమెట్టుగ దిగివచ్చినచో పాలమూరులో చేసిన పొరయు లోకమున ఎవరును కాదనలేని అంకెను చెప్పగలదు. సూక్ష్మవస్తువులను చేయుటకు బెంగుళూరునందలి భారతీయ విజ్ఞానసంస్థయందును, బొంబాయి ఐ.ఐ.టి.యందును గల శుద్ధశాలలలో ఇతర విద్యాలయములవారికిని చోటు కల్పించు ఏర్పాటును కేంద్ర ప్రభుత్వము చేసినది. బాలాపూరులో లోహవిద్యా నిపుణులున్నారు. కందిలో ఐ.ఐ.టి. యున్నది. నల్లగొండలో 2007లో మహాత్మాగాంధి విశ్వవిద్యాలయమును, పాలమూరులో 2008లో పాలమూరు విశ్వవిద్యాలయమును వెలసినవి. వత్తి యున్నది, చమురున్నది, ప్రమిద యున్నది. వెలిగించు సంకల్పము కావలయును.

కావున మా కోరికలు మూడు. మొదటిది ప్రభుత్వమునకు. నల్లగొండ, పాలమూరు విశ్వవిద్యాలయముల భౌతికశాస్త్ర శాఖలయందు పొరలు పేర్చు శూన్యపెట్టెను, వానిని సరితూచు ఉష్ణపీఠమును నెలకొల్పవలయును. చిప్పుల కర్మాగారమునకు వేలకోట్లు కావలసియుండును. మేమడుగునది అది గాదు. ఒక గదియు, ఒక పెట్టెయు, నేర్చిన యిరువురు అధ్యాపకులును, పదిమంది విద్యార్థులును చాలుదురు. కర్మాగారములకు భూమియు, రాయితీలును ఇచ్చునప్పుడు కొలత విద్యకును అందొక పాలు కేటాయింపవలయును. రాయితీ పుచ్చుకొను చేయి జిల్లా పిల్లలకు విద్యను కూడ అందించుట న్యాయము.

రెండవది పరిశ్రమాధిపతులకు. ఘటములు చేయువారు తమ నమూనాలు కొన్నింటిని ఈ విశ్వవిద్యాలయముల కిచ్చి, పొరలను లోన నమర్చి పరీక్షించుటకు విద్యార్థులను పిలువవలయును. వ్యాపార రహస్యము బయటపడునని భయపడువారితో ఒక్క మాట. ఏ రసాయనమును ఎంత కలిపితిరో మేమడుగము. లోపల నెంత వేడెక్కెనో ఎఱుగుట ప్రజల హక్కు. ఆ బ్యాటరీ మా ఇంటిలో, మా బిడ్డల ప్రక్కన నిద్రించుచున్నది. మంచి ఘటమును చేసినవానికి కొలత మిత్రుడే గాని శత్రువు గాదు. నాసివస్తువు చేయువాడొక్కడే త్రాసును జూచి జంకును.

మూడవది ప్రమాదములను విచారించు అధికారులకు. ఎచ్చటనైన బ్యాటరీ మండి ప్రాణనష్టము కలిగినప్పుడు, ఏ ఘటమున మొదలయ్యెను, అంతకుముందు యంత్రము వ్రాసికొన్న వేడిమి అంకెలెట్టివి, కాపలా గుఱుతు ఎచ్చట నుండెను, అది ఏల హెచ్చరింపలేదను విషయములను విచారణ పిమ్మట ప్రజలకు తేటతెల్లముగ ప్రకటింపవలయును. చనిపోయినవారికి పరిహారమిచ్చి కాగితములను కట్టగట్టి అటకపై పాఱవైచుట విచారణ గాదు. ఒక యింటి దుఃఖము నుండి వేయి యిండ్లకు రక్ష పుట్టినప్పుడే ఆ విచారణ సార్థకము.

ఈ రెండు జిల్లాల యువకులతోను, యువతులతోను కూడ ఒక మాట చెప్పి విరమింతుము. దివిటిపల్లి కర్మాగారమున ద్వారపాలకుని కొలువు దొరకినను, మోతపని దొరకినను చాలునని తృప్తిపడకుడు. ఏ పనియు నీచము గాదు. మీ తాతలు మోసిన మట్టియే నేడు లక్షల యెకరములకు నీరిచ్చుచున్నది. కాని ఈ తరమున మీరు మోయవలసినది తట్ట గాదు, కొలబద్ద. డిగ్రీలో పదవ వంతును తప్పక చెప్పగల చేయికి దేశమున నెచ్చటనైన గౌరవము కలదు. గద్వాల మగ్గముపై వెండ్రుకకన్న సన్నని పోగును తెగకుండ నడపిన వ్రేళ్లు మీ యింటివే. మైక్రాను గీతను వంకరలేకుండ గీయుట ఆ వ్రేళ్లకు అసాధ్యము గాదు. భౌతికశాస్త్రమున పట్టము పొంది ఉద్యోగము లేదని హైదరాబాదు వీథులలో తిరుగు బిడ్డలు మన పల్లెలలో నెందఱో కలరు. వారికి ఒక్క శూన్యపెట్టెను చూపుడు. మిగిలినది వారు చూపెదరు.

స్వదేశీయమనగా వస్తువుపై మన ఊరి పేరు అచ్చువేయుట మాత్రమే గాదు. ఆ వస్తువు లోపల నేమి జరుగుచున్నదో మనకు తెలిసియుండుటయు, తప్పు జరిగినప్పుడు పరులను అడుగక మనమే పట్టుకొనగలుగుటయు స్వదేశీయము. రేపు దివిటిపల్లి ఘటము దేశమున ఏ మూలనో ఒక యింట వెలుగు నింపినప్పుడు, దీనిని చేసినది పాలమూరు, దీని లోని వేడిమిని కొలిచి నిర్భయముగ వాడుకొనుడని చెప్పినదియు పాలమూరే యని ఆ యింటివారు చెప్పుకొనవలయును. నేల మనది, చెమట మనది. కొలతయు మనదే కావలయును.